పిల్లి రంగులు, చారలు: తిరుపతి, చిత్తూరు పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లికి టీకా వేయించినప్పుడు ఇచ్చే కార్డులో రంగు అని ఒక గడి ఉంటుంది. చాలామంది అందులో "మిక్స్" అనో "చారలు" అనో రాయించి వచ్చేస్తారు. పిల్లి తప్పిపోయిన రోజున ఆ మాట ఎందుకూ కొరగాదు. కొర్లగుంటలో అయినా గ్రీమ్స్‌పేటలో అయినా ఒక్కో వీధిలో చారల పిల్లులు నాలుగైదు తిరుగుతుంటాయి. రంగును చదవడం వస్తే కూన ఆడదో మగదో చాలాసార్లు ఊహించొచ్చు, తండ్రి ఏ పిల్లి కాదో తేల్చొచ్చు, చెవుడు, ఎండదెబ్బ లాంటి వాటికి ముందే జాగ్రత్త పడొచ్చు. జాతి, ధర, బుద్ధి మాత్రం రంగులో ఉండవు. రంగు చూసి ఇవన్నీ చెప్పేవాళ్లు ఎక్కువైనందుకే ఈ జవాబులు ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది.

మా పిల్లి రంగు సరిగ్గా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పొద్దున పూట వాకిట్లో, నేరుగా ఎండ పడని వెలుతురులో చూడండి. పసుపు బల్బు కింద క్రీం రంగు ఎరుపులా, ట్యూబ్‌లైటు కింద గోధుమ చారలు బూడిద చారల్లా కనిపిస్తాయి.

మొదట తెలుపును పక్కన పెట్టండి. తెలుపు ఒక రంగు కాదు, రంగు చేరని చోటు. పాదాలు, పొట్ట, ఛాతీ, మూతి మీద తెలుపు ఎంతవరకు ఉందో గుర్తుపెట్టుకుని, మిగిలిన భాగాన్నే చూడండి. పిల్లి బొచ్చులో ఉండే రంగుపదార్థాలు రెండే: ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. ఆ మిగిలిన భాగం నలుపు కుటుంబమా, ఎరుపు కుటుంబమా, రెండూ కలిసి ఉన్నాయా? తర్వాత అది చిక్కటి రంగా, పలచబడినదా? నలుపు పలచబడితే బూడిద, ఎరుపు పలచబడితే క్రీం. ఆ తర్వాతే చారల సంగతి.

చివరగా పక్కటెముకల మీద బొచ్చును వేళ్లతో పాయ తీసి కుదురు చూడండి. చివర నల్లగా ఉండి కుదురు తెల్లగా మెరిస్తే అది స్మోక్ రకం. చారల పిల్లికి కుదురు అలా తెల్లగా ఉంటే సిల్వర్ టాబీ (చారల బొచ్చు తీరునే టాబీ అంటారు). పైనుంచి నల్లగా కనబడే పిల్లి బొచ్చు పాయ తీయగానే వెండిలా ఉండడం ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ వరుసలో వెళ్తే "బూడిద చారల పిల్లి" అని మీరు అనుకున్నది చాలాసార్లు "నలుపు టాబీ, తెల్ల పాదాలు" అవుతుంది. గోధుమ నేల మీద నల్ల చారలున్న మామూలు వీధి పిల్లి నలుపు కుటుంబానిదే. చార ఏ రంగులో ఉందో అదే పిల్లి రంగు, నేల రంగు కాదు.

టాబీ అంటే జాతా?

కాదు, అది బొచ్చు తీరు పేరు. బాగ్దాదులో అత్తాబీ అనే పేట ఉండేది. అక్కడ నేసిన నీటి అలల్లాంటి మెరుపున్న పట్టుబట్టకు ఆ పేరే వచ్చింది, బట్ట నుంచి పిల్లికి వచ్చింది.

టాబీని గుర్తుపట్టాలంటే చారల కంటే వెంట్రుకను చూడాలి. చారల మధ్య ఉన్న చోటు నుంచి రాలిన ఒక వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టండి. కుదురు బూడిదగా, దాని పైన పసుపు పట్టీ, మళ్లీ నలుపు, ఇలా ఒకే వెంట్రుకలో పట్టీలు కనిపిస్తాయి. వెంట్రుక పెరుగుతుండగా అగౌటి జన్యువు రంగు తయారీని కాసేపు నలుపు నుంచి పసుపుకు మారుస్తుంది, మళ్లీ నలుపుకు తెస్తుంది. చారలో ఉన్న వెంట్రుకకు ఈ పట్టీలు ఉండవు, మొత్తం నలుపే. పట్టీల వెంట్రుకలు నేలగా, పట్టీలు లేనివి ముగ్గుగా పడితే అదే టాబీ.

ముఖం మీద గుర్తులు నమూనా ఏదైనా దాదాపు ఒకేలా ఉంటాయి. కంటి చివర నుంచి చెంప మీదుగా ఒక గీత, కళ్ల చుట్టూ లేత అంచు, చెవి వెనుక వేలిముద్ర లాంటి లేత మచ్చ, నుదుటి మీద నిలువు గీతలు. ఇంగ్లీషు వాళ్లకు ఆ నుదుటి గీతల్లో ఎమ్ అక్షరం కనబడింది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు నామం కనబడడం సహజం.

చారల నమూనాలు ఎన్ని? తేడా ఎలా తెలుస్తుంది?

నాలుగు. పిల్లి నిలబడి ఉన్నప్పుడు పక్క నుంచి చూడండి. పడుకున్నప్పుడు చారలు మెలికలు తిరిగి మోసం చేస్తాయి.

మాకరెల్: వెన్ను మీద ఒక నల్ల గీత, దాని నుంచి పక్కలకు దిగే సన్నటి నిలువు చారలు. చేప ముల్లు గుర్తొస్తుంది. పేరు కూడా సముద్ర చేపదే. మన వీధుల్లో ఎక్కువగా కనబడేది ఇదే.

క్లాసిక్: పక్కల మీద వెడల్పాటి సుళ్లు, పాలరాతి మీది రేకల్లా. భుజాల మీద సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఆకారం ఉంటుంది. ఇక్కడ అరుదు, యూరప్‌లో మామూలు. పురాతన పిల్లి ఎముకల డీఎన్‌ఏను పరీక్షించి 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ నమూనా మధ్యయుగాల్లోనే వ్యాపించింది. అంతకు ముందు పిల్లులన్నీ మాకరెల్ తీరువే. పాత ఈజిప్టు బొమ్మల్లో పిల్లులకు సన్న చారలే ఉండడానికి కారణం ఇదే.

స్పాటెడ్: చుక్కలు. చాలావరకు ఇవి తెగిన మాకరెల్ చారలే. చుక్కలు నిలువు వరుసల్లో ఉన్నాయేమో చూడండి, వెంటనే అర్థమవుతుంది. సగం చారలు, సగం చుక్కలు ఉన్న పిల్లులు కోకొల్లలు. అలాంటప్పుడు "తెగిన మాకరెల్" అని రాస్తే సరిపోతుంది.

టిక్‌డ్: ఒంటి మీద చారలే ఉండవు, కుందేలు బొచ్చులా మిరియం పొడి చల్లినట్టు ఉంటుంది. నుదుటి గీతలు మాత్రం పోవు, కాళ్ల మీద, తోక మీద మసక పట్టీలు మిగలొచ్చు. అబిస్సీనియన్ పిల్లి పేరుపొందింది దీనితోనే. ఇవి మన వీధుల్లోనూ ఉన్నాయి. జనం వీటిని "మట్టి రంగు పిల్లి" అనేసి వదిలేస్తారు.

మాకరెల్, క్లాసిక్ తేడాకు కారణమైన జన్యువు 2012లో దొరికింది. దాని పేరు టాక్‌పెప్. ఆఫ్రికాలో మచ్చలు కలిసిపోయి పట్టీల్లా ఉండే కింగ్ చీతాకు కూడా కారణం ఇదే జన్యువులో వచ్చిన మార్పు. టిక్‌డ్‌కు కారణమైన డీకేకే4 గురించి 2021లో తెలిసింది. చార ఎక్కడ పడాలన్నది పిల్ల కడుపులో ఉన్నప్పుడే, బొచ్చు మొలవక ముందే, చర్మంలో నిర్ణయమైపోతుంది. అందుకే పుట్టాక చార చోటు మారదు. ముదురు కావడం, మసకబారడం తప్ప.

తల్లీ తండ్రీ ఇద్దరూ సన్న చారలవాళ్లే. కూనకు సుళ్లు ఎలా వచ్చాయి?

మాకరెల్ బలమైన లక్షణం, క్లాసిక్ లోపల దాగే లక్షణం. ఇద్దరిలోనూ దాగి ఉంటే సగటున నలుగురు కూనల్లో ఒకరికి సుళ్లు బయటపడతాయి. అదే అమ్మానాన్నలిద్దరూ క్లాసిక్ అయితే మాకరెల్ కూన పుట్టదు. పుడితే తండ్రి వేరు.

మా నల్ల కూనకు ఎండలో చారలు కనబడుతున్నాయి. పెద్దయ్యాక టాబీ అవుతుందా?

అవదు. ప్రతి పిల్లి లోపలా ఒక టాబీ నమూనా ఉంటుంది. నల్ల పిల్లిలో అగౌటి జన్యువుకు రెండు డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయాయి, అంతే. దాంతో పసుపు పట్టీలు పడక నేల కూడా నల్లబడి చారలు అందులో మునిగిపోయాయి. కూనగా ఉన్నప్పుడు, ఎదురెండలో, ఆ నీడ తేలుతుంది. ఆరు నెలలు దాటేసరికి చాలావాటికి కనబడకుండా పోతుంది.

నల్ల కూన బొచ్చు నెల వయసులో బూడిద పూసినట్టు, వెండి పొడి అద్దినట్టు ఉంటే అది వేరే సంగతి. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి జ్వరం వచ్చినా, జబ్బు చేసినా రంగు సరిగ్గా దిగదు. దీన్ని ఫీవర్ కోట్ అంటారు. నాలుగు నుంచి ఆరు నెలల్లో, కొన్నిటికి ఏడాదిలోపు, అసలు రంగు వచ్చేస్తుంది. మందు అక్కర్లేదు. ఈ దశలో కూనను "సిల్వర్" అని చెప్పి అమ్మేవాళ్లుంటారు, జాగ్రత్త.

నిగనిగలాడే నల్ల పిల్లి ఎర్రగా, తుప్పు రంగుగా మారింది. ఎండ వల్లేనా?

కొంత ఎండే. మిద్దె మీద పడుకునే పిల్లికి వీపు మీద ఎరుపు, పొట్ట కింద నలుపు ఉంటే ఎండను అనుమానించండి. ఒళ్లంతా, నీడలో ఉండే పొట్టతో సహా, ఎర్రబడితే తిండిని చూడండి.

నలుపు రంగు తయారవడానికి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది మాంసకృత్తుల నుంచే వస్తుంది. టైరోసిన్ తక్కువగా ఉన్న తిండి పెడితే నల్ల పిల్లుల బొచ్చు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుందని పరీక్షల్లో రుజువైంది. మన దగ్గర చాలా ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలన్నం, పెరుగన్నం. ప్రేమగానే పెడతారు. కానీ పిల్లి మాంసాహారి. మాంసం లేని తిండితో దానికి టారిన్ అనే పోషకం కూడా అందదు. టారిన్ లోటు వల్ల కంటిచూపు పోతుంది. గుండె కండరం సాగిపోయే జబ్బుకూ అదే కారణమని 1987లో తేలింది. బొచ్చు ఎర్రబడడం పైకి కనబడే గుర్తు మాత్రమే.

ఏం చేయాలి? ప్యాకెట్ మీద పెద్ద పిల్లులకు "సంపూర్ణ ఆహారం" అనే అర్థంలో కంప్లీట్ అని రాసి ఉన్నది తీసుకోండి. నాలుగు కిలోల పిల్లికి పొడి తిండి రోజుకు 50 నుంచి 60 గ్రాములు చాలు. కచ్చితమైన కొలత ప్యాకెట్ మీద ఉంటుంది. పాత తిండిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు పైన పెట్టొచ్చు కానీ ఎముక లేని మాంసం ఒక్కటే రోజూ పెడితే కాల్షియం చాలదు. ఇంట్లో మాంసం వండని వాళ్లకు ప్యాకెట్ తిండే మంచి దారి. పాత వెంట్రుక రంగు మారదు, కొత్తది నల్లగా మొలవాలి. రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. అప్పటికీ మారకపోతే, పిల్లి చిక్కిపోతుంటే, నీళ్లు ఎక్కువగా తాగుతుంటే రక్తపరీక్ష చేయించండి.

ఎర్ర పిల్లులన్నీ గండు పిల్లులేనా?

అన్నీ కాదు, ఎక్కువ. ఎరుపును తెచ్చే మార్పు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. గండుపిల్లికి ఎక్స్ ఒక్కటే కాబట్టి దాని మీద ఎరుపు ఉంటే ఒళ్లంతా ఎరుపే. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు, రెండింటి మీదా ఎరుపు ఉంటేనే ఒళ్లంతా ఎరుపు. ఉదాహరణకు ఒక ఊళ్లో నాలుగు ఎక్స్‌లలో ఒకదాని మీద ఎరుపు ఉందనుకోండి. గండుపిల్లుల్లో నాలుగింట ఒకటి ఎర్రది అవుతుంది, ఆడవాటిలో పదహారింట ఒకటి. అంటే నాలుగు ఎర్ర గండుపిల్లులకు ఒక ఎర్ర ఆడపిల్లి.

ఈ మార్పు ఏమిటో చాలాకాలం దొరకలేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్, జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయాల బృందాలు వేర్వేరుగా పనిచేసి 2025లో ప్రచురించాయి. ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు పక్కన సుమారు 5,100 అక్షరాల ముక్క తెగిపోయింది. దాంతో రంగు కణంలో పనిచేయకూడని ఆ జన్యువు మేల్కొని, నలుపు తయారీని ఆపి ఎరుపును తయారుచేయిస్తుంది.

ఇంకో మాట. చారల్లేని ఎర్ర పిల్లి లేదు. నలుపులో చారలను ముంచేసే మార్పు ఎరుపు మీద పనిచేయదు. ఒళ్లు సాదాగా కనబడినా నుదుటి మీద, తోక మీద, కాళ్ల మీద వెతకండి, గీతలు దొరుకుతాయి.

కూనలు ఏ రంగులో పుడతాయో ముందే చెప్పొచ్చా?

ఎరుపు, నలుపు విషయంలో బాగా చెప్పొచ్చు. ఇక్కడ నలుపు అంటే గోధుమ చారలవి, బూడిదవి కూడా కలిపి.

నల్ల తల్లి, ఎర్ర తండ్రి: కొడుకులంతా నలుపు, కూతుళ్లంతా నలుపు ఎరుపు కలిసిన టార్టీలు.
ఎర్ర తల్లి, నల్ల తండ్రి: కొడుకులంతా ఎరుపు, కూతుళ్లంతా టార్టీలు.
టార్టీ తల్లి, నల్ల తండ్రి: కొడుకుల్లో సగం ఎరుపు సగం నలుపు, కూతుళ్లలో సగం నలుపు సగం టార్టీ.
టార్టీ తల్లి, ఎర్ర తండ్రి: కొడుకుల సంగతి పైలాగే, కూతుళ్లలో సగం ఎరుపు సగం టార్టీ.

కొడుకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఎర్ర తండ్రి రంగు కొడుక్కు రాదు. ఎర్ర కొడుకును చూసి "ఆ వీధిలో ఉన్న ఎర్ర గండుపిల్లి పనే" అనడం సర్వసాధారణం, అది పొరపాటు. ఎర్ర కూతురు పుడితే మాత్రం తండ్రి ఎర్రవాడే. నల్ల తల్లికి ఎర్ర కొడుకు పుట్టాడంటే ఆమె అచ్చమైన నలుపు కాదు. వేళ్ల సందుల్లో, గడ్డం కింద, తొడ లోపల నాలుగు ఎర్ర వెంట్రుకలు ఎక్కడో దాక్కుని ఉంటాయి.

మిగతా సూత్రాలు రెండే గుర్తుపెట్టుకోండి. చారల్లేని రెండు అచ్చ నల్ల పిల్లులకు టాబీ పుట్టదు, ఎర్రదీ పుట్టదు. రెండు బూడిద పిల్లులకు చిక్కటి నలుపు పుట్టదు. ఒళ్లంతా తెల్లగా ఉన్న పిల్లి జతలో ఉంటే లెక్క తప్పొచ్చు, ఎందుకంటే ఆ తెలుపు కింద ఏ రంగు ఉందో పైకి తెలియదు.

మూడు రంగుల గండుపిల్లి ఉందట, చాలా ధర చెబుతున్నారు. కొనొచ్చా?

ధర పెట్టి కొనకండి. నలుపు, ఎరుపు రెండూ కావాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. మగపిల్లికి మామూలుగా ఉండే 38 క్రోమోజోములకు బదులు 39 ఉండి, ఎక్స్ రెండు, వై ఒకటి ఉంటే ఇది సాధ్యం. మూడు వేల మూడు రంగుల పిల్లుల్లో ఒకటి మగదని చెప్పే లెక్క ప్రచారంలో ఉంది. అరుదైన మాట నిజం. కానీ వాటికి దాదాపు ఎప్పుడూ పిల్లలు పుట్టవు, కాబట్టి "బ్రీడింగ్‌కి" అని చెప్పి అమ్మడం మోసమే. అన్నిటికంటే ముందు తోక ఎత్తి చూడండి. కూనల్లో మలద్వారానికి, కింది రంధ్రానికి మధ్య దూరం తక్కువగా ఉండి కింది రంధ్రం నిలువు గీతలా ఉంటే ఆడది, దూరం ఎక్కువగా ఉండి గుండ్రంగా ఉంటే మగది. ఇలా చెప్పే "మగ" పిల్లుల్లో చాలావరకు ఆడవే.

టార్టీలో రంగులు కలగాపులగంగా, కాలికోలో (తెలుపు కూడా ఉన్న మూడు రంగుల పిల్లిలో) విడివిడి మచ్చలుగా ఎందుకుంటాయి?

ఆడపిల్లి పిండంగా ఉన్నప్పుడు ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుంది. ఏది నిద్రపోవాలన్నది ఏ కణానికా కణం లాటరీ తీసినట్టే. మేరీ లయన్ 1961లో ఈ సంగతి చెప్పింది ఎలుకలను చూసి. మన కళ్ల ముందు తిరిగే రుజువు మాత్రం పిల్లే. రంగు కణాలు వెన్ను దగ్గర పుట్టి పొట్ట వైపు, పాదాల వైపు ప్రయాణిస్తూ విభజన చెందుతాయి. తెలుపు తెచ్చే జన్యువు ఆ కణాల సంఖ్యను తగ్గిస్తుంది. కొద్ది కణాలు పెద్ద జాగా నింపాల్సి వస్తుంది కాబట్టి ఒక్కో కణం సంతతి ఒక్కో పెద్ద మచ్చ అవుతుంది. అందుకే తెలుపు ఎక్కువైన కొద్దీ మచ్చలు పెద్దవి. పాదాలు, పొట్ట ప్రయాణంలో చివరి మజిలీలు కాబట్టి తెలుపు అక్కడే ఎక్కువ.

ఈ లాటరీని మళ్లీ తీస్తే అదే ఫలితం రాదు. టెక్సస్‌లో 2001 డిసెంబరు 22న పుట్టిన మొదటి క్లోన్ పిల్లి సీసీ, రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణం నుంచి వచ్చింది. సీసీకి ఎరుపే లేదు, తెలుపుతో కూడిన టాబీగా పుట్టింది.

బూడిద రంగు పిల్లి అంటే రష్యన్ బ్లూ కదా?

కాదు. నలుపును పలచబరిచే జన్యువు ఏ వీధి పిల్లిలోనైనా ఉండొచ్చు. రంగు తగ్గలేదు, వెంట్రుకలో రేణువులు సమంగా పరుచుకోక అక్కడక్కడా గుంపుగా చేరాయి, కంటికి బూడిదగా కనబడుతుంది. వంశపత్రం లేకుండా జాతి పేరు చెబితే నమ్మకండి.

సయామీ రకం కూన తెల్లగా పుట్టి ఇప్పుడు నల్లబడుతోంది. ఏదైనా జబ్బా?

జబ్బు కాదు. ఈ పిల్లుల్లో రంగు తయారుచేసే ఎంజైము వేడికి పనిచేయదు. పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. అంత వేడిగా ఉండే నడుములో అది ఆగిపోతుంది, చల్లగా ఉండే చెవులు, మూతి, తోక, పాదాల్లో పనిచేస్తుంది. తల్లి కడుపులో అంతటా వేడి కాబట్టి కూన తెల్లగా పుడుతుంది. వారం, రెండు వారాల్లో చెవుల అంచులు ముందు మసిబారతాయి. ఇక్కడ "హిమాలయన్ పర్షియన్" అని అమ్మేవాటిదీ ఇదే జన్యువు.

మన ఎండలకు ఈ రంగు నేరుగా జవాబు చెబుతుంది. ఇల్లంతా వేడిగా ఉండే చోట పిల్లి లేతగా ఉంటుంది, రోజంతా ఏసీ గదిలో ఉండేది నడుము మీద కూడా ముదురుతుంది. వయసు పెరిగిన కొద్దీ అన్నీ కొంత ముదురుతాయి.

ఎక్కువగా కంగారుపడేది ఆపరేషన్ తర్వాత. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు డొక్క పక్కన బొచ్చు గొరుగుతారు. బొచ్చు లేని చర్మం చల్లబడుతుంది, అక్కడ ఎంజైము పని మొదలుపెడుతుంది, కొత్త బొచ్చు నల్లటి చతురస్రంగా మొలుస్తుంది. కుట్లకు చీము పట్టిందనుకుని వచ్చేవాళ్లున్నారు. చర్మం ఎర్రగా, వేడిగా, తడిగా లేకపోతే భయం లేదు. తర్వాతి బొచ్చు రాలుడుతో ఆ మచ్చ పోతుంది. ఇది ముందే తెలిస్తే డొక్క కాకుండా పొట్ట మధ్యలో చేయమని డాక్టరును అడగొచ్చు, అప్పుడు మచ్చ కిందికి పోతుంది.

తెల్ల పిల్లులకు చెవుడు ఉంటుందా?

అన్నిటికీ ఉండదు. ఒళ్లంతా తెల్లగా ఉన్న పిల్లుల్లో, కళ్లు నీలం కానివాటిలో 17 నుంచి 22 శాతం, ఒక కన్ను నీలమైతే సుమారు 40 శాతం, రెండూ నీలమైతే 65 నుంచి 85 శాతం పుట్టుచెవిటివి. రంగు కణాలు లోపలి చెవికి కూడా అవసరం, అవి అక్కడికి చేరకపోవడమే కారణం. తెల్లగా ఉన్న సయామీ రకానికి నీలికళ్లు వేరే జన్యువు వల్ల వస్తాయి, ఆ లెక్క దానికి వర్తించదు. కూనలన్నిటికీ మొదట్లో కళ్లు నీలమే. అసలు రంగు ఆరేడు వారాలకు మొదలై మూడు నాలుగు నెలలకు స్థిరపడుతుంది, అప్పటిదాకా నిర్ణయించకండి.

ఇంట్లో పరీక్ష ఇలా చేయండి. కూనకు ఆరు వారాలు దాటాక, అది అటు తిరిగి ఉన్నప్పుడు, రెండు మూడు మీటర్ల వెనుక నుంచి తాళాల గుత్తి మోగించండి. నేల మీద కాలు తట్టకూడదు, అదురు తెలిసిపోతుంది. దగ్గరగా చప్పట్లు కొట్టకూడదు, గాలి తగులుతుంది. మీ నీడ కూడా దాని ముందు పడకూడదు. వేర్వేరు రోజుల్లో నాలుగైదుసార్లు చూడండి. ఒక్క చెవే వినబడని పిల్లిని ఇంటి పరీక్ష పట్టుకోలేదు. చెవిటి పిల్లి ఇంట్లో హాయిగా బతుకుతుంది, ఆటోల వీధిలోకి మాత్రం వదలకండి.

కూన నడినెత్తిన చిన్న నల్ల మరక ఉంటే అది పెద్దయ్యాక పోతుంది. తెలుపు కింద దాగిన అసలు రంగు అదే, ఫోటో తీసి ఉంచుకోండి.

ఎండాకాలంలో తెల్ల చెవుల పిల్లికి ఏం జాగ్రత్త?

తిరుపతి ఎండ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. తెల్ల చెవుల కొసల్లో, ముక్కు పైన బొచ్చు పలచన, రంగు లేదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే అక్కడ చర్మ క్యాన్సర్ వస్తుంది. మొదట చెవి అంచు గులాబీ రంగుగా మారి పొట్టు రాలుతుంది, తర్వాత చెక్కు కడుతుంది, గీరితే రక్తం వస్తుంది, మానినట్టే మాని మళ్లీ వస్తుంది. కొట్లాటలో అయిన గాయమనుకుని నెలలు గడిపేస్తారు. రెండు మూడు వారాల్లో మానని చెవి పుండును తప్పక చూపించండి. తొందరగా పడితే చెవి కొస తీసేస్తే సరిపోతుంది.

పది గంటల నుంచి నాలుగు గంటల దాకా మిద్దె మీదికి వదలకండి. మనం రాసుకునే సన్‌స్క్రీన్ పిల్లికి రాయకండి. జింక్ ఆక్సైడ్, సాలిసిలేట్లు ఉన్నవి నాకితే విషమవుతాయి.

తెల్ల బొచ్చు పచ్చబడింది. ఎందుకు?

మొదట బొచ్చును పాయ తీసి చర్మం చూడండి. తర్వాత చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు, చెవి లోపలి వైపు. అవి కూడా పచ్చగా ఉంటే కామెర్లు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు చేరి కామెర్లు వస్తాయి, ప్రాణం మీదికి తెస్తుంది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది, రక్తపరీక్షల అవసరం పడే ఇలాంటి వాటికి అక్కడి ఆసుపత్రి ఒక దారి.

చర్మం మామూలుగా ఉండి వెంట్రుకే పచ్చబడితే, తోక కింద, తొడల వెనుక అయితే మూత్రం. పాదాల మీద, పొట్ట మీద ఎర్రటి గోధుమ రంగు అయితే అతిగా నాకడం, అంటే దురదో నొప్పో ఉంది. గాయానికి ఎవరో పసుపు రాసి ఉంటే అది వెలుతురుకు తనంతట తానే వెలిసిపోతుంది. మరకలు పోగొట్టాలని ఫినాయిలు కలిపిన నీళ్లతో తుడవకండి. ఫినాల్ రకం మందులను పిల్లి కాలేయం తట్టుకోలేదు.

ఎర్ర పిల్లి ముక్కు మీద, పెదాల మీద నల్ల చుక్కలు వస్తున్నాయి.

మన పుట్టుమచ్చల్లాంటివి, లెంటిగో అంటారు. ఏడాది వయసు దగ్గర మొదలై పెరుగుతుంటాయి. చదునుగా ఉన్నంతవరకు హాని లేదు. ఉబ్బినా, పుండు పడినా చూపించండి. గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు లేస్తుంటే అది రంగు మార్పు కాదు, తామర. ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది.

ఒకే ఈతలో నలుగురికి నాలుగు రంగులు ఎలా?

ఒక తండ్రితోనే సాధ్యం. పైగా ఆడపిల్లి ఎదకు వచ్చినప్పుడు పలు గండుపిల్లులతో కలుస్తుంది, ఒకే ఈతలో కూనలకు తండ్రులు వేరుగా ఉండొచ్చు.

అలిపిరి వైపు చెట్ల దగ్గర చుక్కల కూన దొరికింది. బెంగాల్ పిల్లి అంటున్నారు.

ముందు అది ఇంటి పిల్లేనా అని చూడండి. శేషాచలం కొండల్లో అడవి పిల్లులున్నాయి. తుప్పు రంగు చుక్కల పిల్లి ప్రపంచంలోకెల్లా చిన్న పిల్లుల్లో ఒకటి, పెద్దయ్యాక కూడా కిలో, కిలోన్నర. చిరుతపిల్లికి గుండ్రటి చెవుల వెనుక స్పష్టమైన తెల్ల మచ్చ ఉంటుంది. వీటిని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అనుమానం ఉంటే ముట్టకుండా దూరం నుంచి ఫోటో తీసి అటవీ శాఖకు చెప్పండి. తల్లి దగ్గర్లోనే ఉండొచ్చు.

ఇక బెంగాల్ జాతి చుక్కకు రెండు రంగులుంటాయి, లోపల లేత, అంచు ముదురు, పువ్వులా. ఒకే రంగు చుక్కలు వరుసగా ఉంటే అది మన ఊరి స్పాటెడ్ టాబీ. చక్కటి పిల్లి, డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు.

రంగును బట్టి స్వభావం ఉంటుందా? నల్ల పిల్లిని ఇంట్లో వద్దంటున్నారు.

కూన మనిషికి అలవాటు పడేది పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం మధ్య. ఆ రోజుల్లో చేతుల్లో పెరిగిందా లేదా అన్నదే స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. నల్లటి రంగు రెండు అక్షరాల తేడా అని పైన చెప్పుకున్నాం, శకునానికి అందులో చోటు లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు వాదన కంటే కూనను రెండు రోజులు ఒళ్లో పెట్టడం బాగా పనిచేస్తుంది.

పిల్లి తప్పిపోతే రంగు ఎలా రాయాలి?

ముందే సిద్ధం చేసుకోండి. కుడి పక్క, ఎడమ పక్క విడివిడిగా ఫోటోలు తీయండి, రెండు వైపులా నమూనా ఒకటి కాదు. నుదురు, తోక కొస, నాలుగు పాదాల అడుగులు కూడా. పాదాల కింద గద్దెల్లో ఏది గులాబీ, ఏది నలుపు అన్నది ఒక్కో పిల్లికి ఒక్కోలా ఉంటుంది, మీదే అని నిరూపించడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. ఆరు నెలల వయసులో ఒకసారి, ఏడాదికి ఒకసారి మళ్లీ తీయండి.

కార్డులోనూ పోస్టరులోనూ ఇలా రాయొచ్చు: "నలుపు టాబీ, తెగిన మాకరెల్ చారలు, గోధుమ నేల. ఛాతీ, నాలుగు పాదాలు తెలుపు. ఎడమ ముందుకాలు తెలుపు మోచేతి దాకా. తోక కొస నలుపు. కళ్లు పచ్చ. ఆడది, ఆపరేషన్ అయింది." ఒక గుర్తును మాత్రం పోస్టరులో రాయకుండా మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లి దొరికిందని ఫోన్ చేసినవాళ్లను దాని గురించే అడగండి.